స్పానిష్‌లో ‘ఎంతసేపు పడుతుంది’ అని సరిగ్గా చెప్పడం ఎలా: తెలుగు నుంచి నేరుగా

‘ఆఫీసుకు చేరడానికి నాకు అరగంట పడుతుంది’, ‘మూడేళ్ల నుంచి స్పానిష్ నేర్చుకుంటున్నాను’, ‘సినిమా ఎంతసేపు?’ ఇలాంటి మాటలు స్పానిష్‌లో ఎలా చెప్పాలని చాలామంది అడుగుతూనే ఉన్నారు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చదువుతున్నవాళ్లు, టెక్సస్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్ల పక్కన పనిచేస్తున్నవాళ్లు, స్పానిష్ భాషా సర్టిఫికెట్ ఇచ్చే డెలె పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్లు అందరూ ఇక్కడే తడబడతారు.

కారణం ఒక్కటే. మనం తెలుగులో ఆలోచించి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి దూకుతాం. ఈ విషయంలో మధ్యలో ఇంగ్లీషు అక్కర్లేదు. చాలా చోట్ల తెలుగు వాక్యమే స్పానిష్‌కు దగ్గరగా ఉంటుంది. ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో తెలిస్తే చాలు.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

చదివే పద్ధతి. ఇక్కడ స్పానిష్ అంతా తెలుగు లిపిలోనే ఉంది. దీర్ఘం ఉన్న అక్షరాన్ని నొక్కి పలకండి, హ్రస్వాన్ని తేలిగ్గా వదిలేయండి. మనకు ఎ–ఏ, ఒ–ఓ తేడా ఉంది కాబట్టి ఈ పని సులువు. ఇది చిన్న విషయం కాదు. ‘తార్దొ’ అంటే నాకు పడుతుంది, ‘తర్దో’ అంటే అతనికి పట్టింది. నొక్కు మారితే మనిషీ మారతాడు, కాలమూ మారుతుంది.

ఉచ్చారణ లాటిన్ అమెరికా పద్ధతిలో రాశాను. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల, 6వ భాగంలో వచ్చే ‘ఆసె’ని ‘ఆథె’ అంటారు. వ్యాకరణం అదే.

సమయం మాటలు. వీటిని ముందే నోటికి తెచ్చుకోండి. వాక్యం మధ్యలో వీటికోసం వెతుక్కుంటూ ఉంటే క్రియ మర్చిపోతాం.

- పది నిమిషాలు: దియేస్ మినూతొస్
- పావుగంట: ఉన్ క్వార్తొ దె ఓర
- అరగంట: మేద్య ఓర
- ముప్పావుగంట: త్రేస్ క్వార్తొస్ దె ఓర
- గంట: ఊన ఓర
- గంటన్నర: ఓర ఇ మేద్య
- రెండున్నర గంటలు: దోస్ ఓరస్ ఇ మేద్య
- రెండు వారాలు: దోస్ సెమానస్, లేదా కీన్సె దీయస్
- మూడు నెలలు: త్రేస్ మేసెస్
- మూడేళ్లు: త్రేస్ ఆన్యొస్
- కాసేపు: ఉన్ రాతొ
- ఓ ఇరవై నిమిషాలు: ఊనొస్ బేయింతె మినూతొస్

‘కీన్సె దీయస్’ అంటే అక్షరాలా పదిహేను రోజులు. మనం రెండు వారాలను పదిహేను రోజులు అన్నట్టే వాళ్లూ అంటారు. వారానికి ‘ఓచొ దీయస్’, అంటే ఎనిమిది రోజులు, అనడం కూడా మామూలే. లెక్క తప్పిందని కంగారు పడకండి.

క్రియకు రెండు రూపాలు. మూల రూపం, ‘-తూ’ రూపం రెండూ కావాలి. ‘ఆర్’తో ముగిసే క్రియకు ‘ఆందొ’ చేరుతుంది: త్రబహార్ (పనిచేయడం) → త్రబహాందొ. ‘ఏర్’, ‘ఈర్’తో ముగిసేవాటికి ‘ఇయేందొ’: బిబీర్ (నివసించడం) → బిబియేందొ.

## 2. వాక్యం మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది

తెలుగులో ‘పట్టు’ అనే ఒక్క క్రియతో చాలా పనులు జరిగిపోతాయి. స్పానిష్‌లో ఆ పనిని కొన్ని క్రియలు పంచుకుంటాయి. ఏది వాడాలో తెలియాలంటే ఈ ప్రశ్నలు వరసగా వేసుకోండి.

1. పని ఇంకా సాగుతోందా? ‘మూడేళ్ల నుంచి చేస్తున్నాను’ లాంటిదా? అయితే నేరుగా 6వ భాగానికి వెళ్లండి.
2. సినిమా, క్లాసు, మ్యాచ్ లాంటి దాని నిడివి చెబుతున్నారా? అయితే దురార్.
3. ఒక పని పూర్తి కావడానికి పట్టే సమయమా? అయితే తర్దార్, లేదా యెబార్.

మూడో ప్రశ్న దగ్గర ఇంకో చిన్న నిర్ణయం ఉంది. వాక్యానికి కర్త ఎవరు, మనిషా, పనా? మన ‘నాకు’ అనే మాట మోసం చేసేది ఇక్కడే. అందుకే తర్వాతి రెండు భాగాలు నెమ్మదిగా చదవండి.

## 3. తర్దార్: చేసే మనిషి కర్త

వరస ఇది: తర్దార్ + సమయం + ఎన్ + క్రియ మూల రూపం.

*తార్దొ మేద్య ఓర ఎన్ యెగార్ అ ల ఒఫిసీన.*
ఆఫీసుకు చేరడానికి నాకు అరగంట పడుతుంది.

తెలుగులో ‘నాకు’ ఉంది. స్పానిష్‌లో ‘నాకు’ లేదు, ‘నేను’ ఉంది. ‘తార్దొ’లోని చివరి ‘ఒ’యే ఆ ‘నేను’. విడిగా ఇంకేమీ పెట్టక్కర్లేదు.

మనిషిని బట్టి క్రియ మారుతుంది:

- నాకు: తార్దొ
- నీకు: తార్దస్
- అతనికి, ఆమెకు, మీకు (ఒక్కరే అయితే): తార్ద
- మాకు, మనకు: తర్దామొస్
- వాళ్లకు: తార్దన్

అడిగేటప్పుడు: *క్వాంతొ తార్దస్ ఎన్ యెగార్?* నువ్వు చేరడానికి ఎంతసేపు పడుతుంది? ‘క్వాంతొ తియేంపొ’ అని పూర్తిగా అన్నా తప్పు లేదు. మాటల్లో ఎక్కువగా ‘క్వాంతొ’ ఒక్కటే వినిపిస్తుంది.

వస్తువు కూడా కర్త కావచ్చు. *ఎల్ అర్రోస్ తార్ద బేయింతె మినూతొస్ ఎన్ కొసేర్సె.* అన్నం ఉడకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

ఎవరికైనా ఇంతే పడుతుంది అని చెప్పాలంటే ముందు ‘సె’ పెట్టండి. *క్వాంతొ సె తార్ద దె మద్రీద్ అ సెబీయ?* మద్రీద్ నుంచి సెబీయకు ఎంతసేపు పడుతుంది? *ఎన్ ఎల్ ఆబె సె తార్ద ఊనస్ దోస్ ఓరస్ ఇ మేద్య.* ఆబె అనే స్పెయిన్ హైస్పీడ్ రైల్లో దాదాపు రెండున్నర గంటలు. 1992లో మొదలైన హైస్పీడ్ లైన్ అది. దారి అడిగేటప్పుడు, టికెట్ కౌంటర్ దగ్గర ఈ ‘సె తార్ద’ ఒక్కటి వస్తే చాలా పని అయిపోతుంది.

సమయం చెప్పకుండా తర్దార్ వాడితే ‘ఆలస్యం చేయడం’ అని అర్థం. *నో తార్దెస్* అంటే ఆలస్యం చేయకు. *ఎల్ ఔతొబూస్ తార్ద మూచొ* అంటే బస్సు చాలా ఆలస్యం చేస్తోంది.

## 4. యెబార్, తొమార్: పని కర్త, మనకు ‘నాకు’ దొరుకుతుంది

*మె యెబో దోస్ ఓరస్ అసేర్ ఎల్ ఇన్ఫోర్మె.*
రిపోర్ట్ తయారుచేయడం నాకు రెండు గంటలు పట్టింది.

ఇక్కడ తెలుగూ స్పానిషూ భుజం భుజం కలిపి నడుస్తాయి. ‘మె’ అంటే నాకు. కర్త ‘రిపోర్ట్ తయారుచేయడం’. మనం ‘రెండు గంటలు పట్టింది’ అని ఏకవచనంలో అన్నట్టే అక్కడా ‘యెబో’ ఏకవచనంలోనే ఉంటుంది.

మనుషులను బట్టి ముందు మాట ఒక్కటే మారుతుంది: మె (నాకు), తె (నీకు), లె (అతనికి, ఆమెకు, మీకు), నొస్ (మాకు), లెస్ (వాళ్లకు). క్రియ కదలదు. ఈ వరసలో ‘ఎన్’ రాదని గుర్తుపెట్టుకోండి.

తొమార్ కూడా ఇదే పద్ధతి: *మె తోమ ఊన ఓర యెగార్ అల్ త్రబాహొ.* పనికి చేరడానికి నాకు గంట పడుతుంది. లాటిన్ అమెరికాలో ఇది బాగా వినిపిస్తుంది.

తెలుగువాళ్లకు యెబార్ వాక్యం సులువుగా నోటికి వస్తుంది. అయినా ముందు తర్దార్‌నే గట్టిగా పట్టుకోమంటాను. రోజువారీ ప్రశ్నల్లో అదే ఎక్కువ, ఎదుటివాళ్లు మిమ్మల్ని అడిగేదీ దానితోనే. యెబార్ కొంత శ్రమ పడి చేసిన పనులకు బాగా నప్పుతుంది: రిపోర్ట్ రాయడం, ఇల్లు సర్దడం, కారు బాగుచేయడం.

## 5. దురార్: నిడివి

ఇది తేలిక. *ల పెలీకుల దూర దోస్ ఓరస్.* సినిమా రెండు గంటలు. *ఎల్ పర్తీదొ దూర నొబేంత మినూతొస్.* మ్యాచ్ తొంభై నిమిషాలు. అడగాలంటే: *క్వాంతొ దూర ల క్లాసె?*

తెలుగులో ‘సినిమా రెండు గంటలు’ అంటే చాలు, క్రియే ఉండదు. స్పానిష్‌లో దూర తప్పనిసరి.

తిరకాసు ప్రయాణం దగ్గర వస్తుంది. *ఎల్ త్రేన్ తార్ద సేయిస్ ఓరస్*: రైలుకు ఆరు గంటలు పడుతుంది. *ఎల్ బియాహె దూర సేయిస్ ఓరస్*: ప్రయాణం ఆరు గంటలు. రైలు గమ్యం చేరే పని చేస్తోంది కాబట్టి తర్దార్. ప్రయాణానికి మొదలూ చివరా ఉంటాయి కాబట్టి దురార్.

## 6. ఇంకా సాగుతున్న పని: మూడు దారులు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక ధైర్యం చెబుతాను: ‘మూడేళ్ల నుంచి నేర్చుకుంటున్నాను’ అనేటప్పుడు తెలుగులో క్రియ వర్తమానంలోనే ఉంది. స్పానిష్‌లోనూ అంతే. ఇంగ్లీషు గ్రామర్ క్లాసులో బట్టీపట్టిన ఆ పొడవాటి కాలాన్ని ఇక్కడికి తీసుకురావద్దు.

మొదటి దారి: యెబార్ + సమయం + ‘-తూ’ రూపం.

*యేబొ త్రేస్ ఆన్యొస్ ఎస్తుదియాందొ ఎస్పన్యోల్.*

4వ భాగంలోని యెబార్ ఇదే, పని మాత్రం వేరు. ఇక్కడ కర్త మనిషి. యేబొ, యేబస్, యేబ, యెబామొస్, యేబన్ అని మారుతుంది. ముందు ‘మె’ పెట్టకూడదు.

చోటు చెబితే ‘-తూ’ రూపం కూడా అక్కర్లేదు: *యేబొ దోస్ సెమానస్ ఎన్ మేహికొ.* మెక్సికోలో రెండు వారాలుగా ఉన్నాను.

చేయకుండా ఉన్న పనికి ‘సిన్ + మూల రూపం’: *యేబొ దోస్ దీయస్ సిన్ దొర్మీర్.* రెండు రోజులుగా నిద్రలేదు.

రెండో దారి: ఆసె + సమయం + కె + వర్తమానం.

*ఆసె త్రేస్ ఆన్యొస్ కె ఎస్తూదియొ ఎస్పన్యోల్.*

‘ఆసె’ ఎప్పుడూ మారదు. ఏళ్లు ఎన్నయినా ‘ఆసె’ ఏకవచనమే.

మూడో దారి: వర్తమానం + దెస్దె ఆసె + సమయం.

*ఎస్తూదియొ ఎస్పన్యోల్ దెస్దె ఆసె త్రేస్ ఆన్యొస్.*

మూడింటికీ అర్థం ఒకటే. మాటల్లో మొదటిది చాలా సహజంగా ఉంటుంది, దానితోనే మొదలుపెట్టండి.

‘నుంచి’కి ఒక పరీక్ష. తెలుగులో ‘2021 నుంచి’ అంటాం, ‘మూడేళ్ల నుంచి’ అని కూడా అంటాం. స్పానిష్‌లో ఇవి వేరు. మొదటిది దెస్దె, రెండోది దెస్దె ఆసె. ఏది వాడాలో తెలియకపోతే ‘నుంచి’ తీసేసి ‘-గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్లుగా’ కుదిరింది, కాబట్టి దెస్దె ఆసె. ‘2021గా’, ‘సోమవారంగా’ కుదరలేదు, కాబట్టి ఒట్టి దెస్దె: *దెస్దె 2021*, *దెస్దె ఎల్ లూనెస్*, *దెస్దె ఎనేరొ*.

## 7. కిందట, -లో, -కి

కిందట. అయిపోయిన పనికి మళ్లీ ఆసెయే, క్రియ మాత్రం భూతకాలం. *యెగే ఆసె త్రేస్ ఆన్యొస్.* మూడేళ్ల కిందట వచ్చాను. దీన్నే *ఆసె త్రేస్ ఆన్యొస్ కె యెగే* అనీ అనొచ్చు: వచ్చి మూడేళ్లయింది. అంటే ‘ఆసె’ చూడగానే సరిపోదు, తర్వాతి క్రియ చూడాలి. వర్తమానమైతే పని సాగుతోంది, భూతకాలమైతే అయిపోయింది.

‘అమ్మను చూసి రెండేళ్లయింది’ అన్నప్పుడు జాగ్రత్త. ఈ తెలుగు వాక్యంలో ‘లేదు’ అన్న మాటే రాదు. స్పానిష్‌లో సహజంగా ‘చూడటం లేదు’ అంటారు: *ఆసె దోస్ ఆన్యొస్ కె నో బేయొ అ మి మాద్రె.*

-లో. ‘రెండు గంటల్లో పూర్తిచేశాను’: *లొ తెర్మినే ఎన్ దోస్ ఓరస్.* ‘ఇంకో రెండు గంటల్లో వస్తుంది’: *యేగ దేంత్రొ దె దోస్ ఓరస్.* రెండో దానికి కూడా ‘ఎన్’ వాడేవాళ్లున్నారు. కానీ దేంత్రొ దె అంటే అనుమానానికి చోటుండదు.

ఉత్తి సమయం. ‘లీమాలో రెండేళ్లు ఉన్నాను’, ఇప్పుడు లేను: *బిబీ దోస్ ఆన్యొస్ ఎన్ లీమ.* తెలుగులో లాగే మధ్యలో ఏమీ అక్కర్లేదు. కావాలంటే ‘దురాంతె దోస్ ఆన్యొస్’ అనొచ్చు. లాటిన్ అమెరికాలో ‘పొర్ దోస్ ఆన్యొస్’ కూడా బాగా వింటారు. ‘పర’ మాత్రం ఇక్కడ పనికిరాదు. అది ముందున్న అవసరానికి: *ఊన అబితసియోన్ పర దోస్ నోచెస్*, రెండు రాత్రులకు ఒక గది.

## 8. కాలం మార్చడం

- నిన్న గంట పట్టింది: *అయేర్ తర్దే ఊన ఓర.*
- ఇదివరకు గంట పట్టేది: *ఆంతెస్ తర్దాబ ఊన ఓర.*
- నీకు చాలాసేపు పడుతుంది (ఇకముందు జరిగేది): *బాస్ అ తర్దార్ మూచొ.*

‘పట్టింది’కి తర్దే, ‘పట్టేది’కి తర్దాబ. తెలుగులో ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చిందే, దాన్నే నమ్మండి. స్పెయిన్‌లో ఇవాళ జరిగినదానికి *ఓయ్ ఎ తర్దాదొ ఊన ఓర* అంటారు. లాటిన్ అమెరికాలో ఎక్కువ చోట్ల *ఓయ్ తర్దే* సరిపోతుంది.

6వ భాగంలోని యెబార్‌ను గతంలోకి తీసుకెళితే యెబాబ ఒక్కటే: *యెబాబ దోస్ ఓరస్ ఎస్పెరాందొ క్వాందొ యెగో ఎల్ త్రేన్.* రైలు వచ్చేసరికి రెండు గంటలుగా ఎదురుచూస్తున్నాను.

## 9. తరచూ చేసే తప్పులు, సవరణలు

‘మె తార్ద దోస్ ఓరస్’. తెలుగువాళ్లు చేసే మొదటి తప్పు, ‘నాకు’ వల్ల వచ్చేది. సవరణ: తార్దొ దోస్ ఓరస్. ‘మె’ కావాలనిపిస్తే క్రియ మార్చి మె యేబ అనండి.

‘తార్దొ మేద్య ఓర అ ల ఒఫిసీన’. చేరే క్రియ తప్పిపోయింది. ‘ఎన్ యెగార్’ పెట్టాలి.

‘తార్దొ మేద్య ఓర పర యెగార్’. ‘చేరడానికి’లోని ‘-కి’ని చూసి పర పెట్టేస్తాం. తర్దార్ పక్కన ఎన్ ఉండాలి.

‘దెస్దె త్రేస్ ఆన్యొస్’. ‘-గా’ పరీక్ష చేయండి. దెస్దె ఆసె త్రేస్ ఆన్యొస్.

‘ఆసెన్ త్రేస్ ఆన్యొస్’. బహువచనం వద్దు. ఇది స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల నోటా కొన్నిసార్లు వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

‘ల పెలీకుల తార్ద దోస్ ఓరస్’. నిడివికి దూర.

‘క్వాంతస్ ఓరస్’ అనబోయి ‘కే ఓర’. ‘కే ఓర’ అంటే టైమ్ ఎంతయిందన్న ప్రశ్నలో వచ్చే మాట. ఎంతసేపు అనడానికి క్వాంతొ తియేంపొ.

## 10. దేశాన్ని బట్టి వినిపించే తేడాలు

మీరు ఒక పద్ధతి మాట్లాడితే చాలు, కానీ మిగతావి విన్నప్పుడు అర్థం కావాలి.

- కొలంబియా, పెరు, చిలె: దెమొరార్ ఎక్కువ. *మె దెమోరొ ఊన ఓర ఎన్ యెగార్.*
- మెక్సికో: *మె తార్దొ*, *నో తె తార్దెస్*. ఇది 9వ భాగంలో చెప్పిన తప్పు కాదు. ఇక్కడ క్రియ ‘నేను’ రూపంలోనే ఉంది, గమనించండి.
- మెక్సికో, మధ్య అమెరికా, వెనెజువేలా: యేబొకు బదులు తేంగొ. *తేంగొ దోస్ ఆన్యొస్ త్రబహాందొ అకీ.*
- అర్జెంటీనా: తార్దస్ బదులు తర్దాస్. నొక్కు చివరికి జరుగుతుంది.

మెక్సికోలో ‘ఎంతసేపు’ అని అడిగితే ‘అఒరీత’ అన్న జవాబు రావచ్చు. అది ‘ఇప్పుడే’ కావచ్చు, ‘కాసేపాగి’ కావచ్చు. కచ్చితంగా తెలియాలంటే *క్వాంతొస్ మినూతొస్, మాస్ ఒ మేనొస్?* అని మళ్లీ అడగండి.

## 11. రాసి చూసుకోండి

పలికే ముందు చూసుకోవాల్సినవి:

- [ ] పని సాగుతోందా, అయిపోయిందా?
- [ ] కర్త మనిషా, పనా? మనిషైతే ‘మె’ తీసేశానా?
- [ ] తర్దార్ తర్వాత సమయం, ఎన్, మూల రూపం ఆ వరసలో ఉన్నాయా?
- [ ] నొక్కు సరైన అక్షరం మీద పడిందా?

ఇప్పుడు వీటిని జవాబులు మూసేసి చెప్పండి.

1. ఇంటికి చేరడానికి మాకు ముప్పావుగంట పడుతుంది.
2. క్లాసు గంటన్నర.
3. ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నావు?
4. జనవరి నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.
5. ఉత్తరం రాయడం ఆమెకు పదిహేను రోజులు పట్టింది.
6. లీమాకు వచ్చి మూడు నెలలైంది.

జవాబులు:

1. తర్దామొస్ త్రేస్ క్వార్తొస్ దె ఓర ఎన్ యెగార్ అ కాస.
2. ల క్లాసె దూర ఊన ఓర ఇ మేద్య.
3. క్వాంతొ తియేంపొ యేబస్ ఎస్పెరాందొ?
4. త్రబాహొ అకీ దెస్దె ఎనేరొ.
5. లె యెబో కీన్సె దీయస్ ఎస్క్రిబీర్ ల కార్త. లేదా: తర్దో కీన్సె దీయస్ ఎన్ ఎస్క్రిబీర్ ల కార్త.
6. ఆసె త్రేస్ మేసెస్ కె యెగే అ లీమ. ఇంకా అక్కడే ఉంటే: యేబొ త్రేస్ మేసెస్ ఎన్ లీమ.

5వ దానిలో రెండు జవాబులూ తడుముకోకుండా వస్తే 3, 4 భాగాలు మీకు పట్టుబడ్డట్టే. ఒక్కటే వస్తే, రాని భాగంలోని వాక్యాలను మీ సొంత రోజువారీ పనులతో మార్చి రాయండి: వంట, బస్సు, పిల్లల హోంవర్క్, ఆఫీసు మీటింగ్.